కోటలో కరెంటు పోయిన రోజు

ఎవరైనా నన్ను నవలలు చదువుతారా అని అడిగితే నాకు నవ్వొస్తుంది. చదివాను, నిజమే. కానీ చదివినదానికంటే అరిచినదే ఎక్కువ. కొత్త కాపురంలో, ఊరు కాని ఊళ్లో, చెవిటి అవ్వకు వినపడేలా ప్రేమ మాటలను గొంతు చించుకుని చదివిన ఆడది ఈ సూరత్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ వయసులో మనిషికి ఒంటరితనం వస్తే అది ఒంటరితనమని తెలియదు. ఆకలి మందగించిందనో, నిద్ర చాలలేదనో అనుకుంటాం. నేనైతే నీళ్లు పడలేదనుకున్నాను. (పాపం, తాపీ నది నీళ్లకు ఏ దోషమూ లేదు. అవే నీళ్లు తాగి తర్వాత నేను చేసిన ఒళ్లు ఇప్పటికీ తగ్గలేదు.)

మా ఆయన సాంచెల మీద పనిచేసేవాడు. సాంచెలంటే మరమగ్గాలు, మా వైపు వాళ్లంతా అలాగే అంటారు. పాలీ అంటే షిఫ్టు, ఒక వారం పగటి పాలీ, ఒక వారం రాత్రి పాలీ. పగటి పాలీ వారంలో ఆయన ఇంట్లో ఉండడు. రాత్రి పాలీ వారంలో ఇంట్లో ఉంటాడు గానీ నిద్రలో ఉంటాడు. పెళ్లయిన కొత్తలో నాకు మొగుడి ముఖం కంటే గురక ఎక్కువ పరిచయం. నవాగామ్‌లో గల్లీలోకి తలుపున్న ఒకే గది మాది. నాకు వచ్చిన హిందీ 'బస్' (చాలు), 'నహీ' (వద్దు) అనే రెండు మాటలు. ఆ రెండు మాటలతో కూరగాయల బండివాడిని ఎంత బాగా పలకరించానంటే, కొన్నాళ్లకు అతను మా తలుపు ముందు బండి ఆపడమే మానేశాడు. గల్లీలో మన తెలుగువాళ్లు లేరా అంటే ఉన్నారు, కావలసినంత మంది. కానీ వాళ్లంతా పనిలో ఉండేవాళ్లు, నేను సిగ్గులో ఉండేదాన్ని. తలుపు దగ్గరగా వేసుకుని, ఫోన్లో తెలుగు నవలలు పెట్టే యాప్ ఒకటి తెరుచుకుని కూర్చునేదాన్ని.

ఆ యాప్‌లోనే దొరికింది ఆ నవల. చారిత్రక ప్రేమకథ. పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత దానికి నా చేతుల్లో జరిగినదానికి రచయిత బాధపడతారు. ఒక రాజ్యం, ఒక యువరాణి, శత్రురాజ్యపు సేనాపతి కొడుకు. వాడు అత్తరు అమ్మేవాడి వేషంలో కోటలోకి వస్తాడు. పౌర్ణమికి పౌర్ణమికి వెనక దర్వాజా దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. రోజంతా తెలుగు మాట చెవిన పడక, చివరికి నా గొంతు ఎలా ఉంటుందో నేనే మరిచిపోతానేమోనని భయం వేసి, ఆ నవలను పైకి చదువుకోవడం మొదలుపెట్టాను.

అదే నా కొంప ముంచింది, అదే నన్ను బతికించింది కూడా. మా గల్లీలో ఒక అవ్వ ఉండేది. ఎన్నో ఏళ్లు సాంచెల పక్కన కూర్చుని కండెలు చుట్టి చెవులు మొద్దుబారిన మనిషి. ఆ చప్పుడులో పనిచేసినవాళ్లు మాటను సగం చెవితో, సగం ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకుంటారు. ఆమె ఒక మధ్యాహ్నం మా తలుపు సందులోంచి చూసింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా పెదవులు కదులుతున్నాయి. పైగా పౌర్ణమి ఘట్టం కావడంతో ఒక చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను కూడా. ఇంకేముంది, కొత్త కోడలికి గాలి సోకిందని తేల్చేసింది. కాసేపటికి అవ్వ వేపమండతో, ఆమె వెనక ఎదురింటి వదిన పసుపు గిన్నెతో మా గదిలోకి వచ్చారు. వేపాకు నా నెత్తిన పడేదాకా నాకు విషయం అర్థం కాలేదు. గాలి లేదు, దయ్యం లేదు, కథ చదువుకుంటున్నానని ఏడుపు గొంతుతో చెప్పాను. అవ్వ నా పెదవుల వైపు చూస్తూ మొత్తం విని, వేపమండ పక్కన పెట్టి కూర్చుంది.

"నీకొక్కదానికేంది బిడ్డా కథ. మాకు గూడ సదువు. జర గట్టిగ సదువు."

అలా మొదలైంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం వంటలు కాగానే మా గడప ముందు చీరలు పరుచుకునేవి. మా గల్లీ ఆడవాళ్లకు మార్కెట్ నుంచి మూటలకు మూటలు చీరలు వచ్చేవి. వాటి అంచులకు జిగురు పెట్టి మెరిసే రాళ్లు అంటించడం వాళ్ల పని. వాళ్ల చేతులు అంటిస్తూ ఉంటే నేను గడప మీద కూర్చుని చదివేదాన్ని. ఫోను మూతికి అడ్డం వచ్చి అవ్వకు నా పెదవులు కనిపించవు గనుక, గొంతు పెంచక తప్పేది కాదు. 'ప్రాణేశ్వరీ, నీ కనురెప్పల నీడలో నన్ను దాచుకో' అనే మాట వెన్నెల్లో గుసగుసగా అనవలసింది. నేను మా గల్లీ చివర పాలబూత్ దాకా వినపడేలా అనేదాన్ని. అయినా అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏడ దాసుకొమ్మన్నడు?" అనేది. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పవలసి వచ్చేది.

ఇక అభిప్రాయాలు. ఆ యాప్‌లో ప్రతి భాగం కింద పాఠకులు రాసినవి ఉండేవి. అద్భుతం, కన్నీళ్లు ఆగలేదు, తర్వాతి భాగం త్వరగా పెట్టండి, ఇలా. అవి కూడా చదివి వినిపించేదాన్ని. మా వాళ్లకు నవల మీద ఒక అభిప్రాయం ఉంటే, ఆ అభిప్రాయాల మీద రెండు ఉండేవి. కన్నీళ్లు ఆగనామెకు ఇంట్లో పనిమనిషి ఉందో లేదో కనుక్కోమంది అవ్వ. యువరాణి చీర వర్ణన ఒక భాగం నిండా సాగినప్పుడు నేను తన్మయత్వంతో చదువుతుంటే, వదిన జిగురు సీసా మూత పెట్టి అడిగింది.

"గన్ని రాళ్లు ఎవరు అంటిచ్చిన్రట? గామె పేరు ఏమన్న రాసిండా?"

రాయలేదని చెప్పాను. వదిన మళ్లీ మూత తీసి పనిలో పడింది. ఆ రోజు నుంచి ఆమెకు ఆ రచయిత అంటే నమ్మకం పోయింది. వదిన కూతురు కాలేజీకి వెళ్లే వయసు పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు మాట్లాడుతుందే గానీ అక్షరాలు రావు. ఆ పిల్లకు హీరో నచ్చలేదు. నెలకోసారి వచ్చి చేతులు పట్టుకుని పోయేవాడు బిల్కుల్ నకామో అని తీర్పు చెప్పింది. (నకామో అంటే గుజరాతీలో పనికిరానివాడు. నేను నేర్చుకున్న మొదటి గుజరాతీ మాట అదే.) వాడికి నెలకొకటే సుట్టీ ఉందేమో, మన మిల్లుల కంటే అన్యాయం అని వదిన కొంచెం జాలిపడింది. అవ్వ ప్రశ్న మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే.

"రాజు బిడ్డంటున్నవ్ సరే. పొద్దున లేస్తే ఏం పని జేస్తది? ఎవరితోని మాట్లాడుతది?"

నేను నవలంతా వెతికాను. యువరాణి పొద్దున లేచి గవాక్షం లోంచి చూస్తుంది. సాయంత్రం కూడా అక్కడి నుంచే చూస్తుంది. అవ్వకు అదే చెప్పాను. అవ్వ నా వైపు, నా గది వైపు, దగ్గరగా వేసి ఉండే నా తలుపు వైపు చూసి ఇంకో రాయి అందుకుంది. (అప్పుడు నాకు తట్టలేదు గానీ, ఆ నవల మీద అంతకంటే మంచి విమర్శ ఇంకెవరూ రాసి ఉండరు.)

మా పైగదిలో రాత్రి పాలీ చేసే అన్న ఒకడు పగలు పడుకునేవాడు. ఒక రోజు ఎర్రటి కళ్లతో, భుజాన తువ్వాలతో మెట్లు దిగి వచ్చి మా ముందు నిలబడ్డాడు. తిట్లు తప్పవని నేను ఫోను కొంగు కింద దాచాను. ఆయన నేల చూపులు చూస్తూ, నిన్న తనకు నిద్ర పట్టేసిందని, ఆ తర్వాత కథలో వాడు నది దాటాడా లేదా అని అడిగాడు. దాటాడని చెప్పాక తృప్తిగా వెళ్లి పడుకున్నాడు. ఆ రోజు నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఊరు వదిలాక మొదటిసారి ఎవరో నా కోసం ఎదురుచూస్తున్నారని అనిపించింది. అన్నం రుచి తెలియడం మొదలైంది. నీళ్లు పడ్డాయని మా ఆయనకు చెప్పాను.

ఇంత బాగున్నప్పుడు ఊరుకోవచ్చు కదా. వానలు బాగా పట్టి, చీరల మూటలు రాని ఒక పూట, ఆత్రం ఆగక నవల చివరి భాగం ముందుగా చదివేశాను. యువరాణి చచ్చిపోతుంది. ప్రియుడు యుద్ధంలో పోయాడని ఎవరో అబద్ధం చెబితే నమ్మి, కోట గోడ మీద నుంచి దూకుతుంది. వాడు గుర్రం మీద ఒక్క నిమిషం ఆలస్యంగా వస్తాడు. కింద పాఠకులంతా గుండె పిండేశారనీ, గొప్ప ప్రేమలు ఇలాగే ముగియాలనీ పూలు, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం అవ్వ మాట గుర్తుకొచ్చింది. అంతకుముందు యువరాణికి జ్వరం వచ్చినప్పుడే అవ్వ ముందరికాళ్లకు బంధం వేసింది. ఆ పిల్ల చచ్చిపోయేదైతే ఇప్పుడే చెప్పు, చీర మడుచుకుని పోతాను, మళ్లీ వినడానికి రాను అంది.

అవ్వ రాకపోతే వదిన రాదు. వదిన రాకపోతే ఆమె కూతురు రాదు. అసలు చావు సంగతి అలా ఉంచి, నవల అయిపోతేనే ఎవరూ రారు. ఎవరి గడప ముందు వాళ్లు రాళ్లు అంటించుకుంటారు. నేను మళ్లీ తలుపు దగ్గరగా వేసుకుని, మొగుడి గురకో, గురక లేని నిశ్శబ్దమో వింటూ కూర్చోవాలి. యువరాణి బతికితేనే నేను బతుకుతానన్నంత పని అయింది నాకు.

మర్నాడు అందరూ కూర్చున్నారు. యువరాణి కోట గోడ మీద నిలబడింది, కళ్లు మూసుకుంది, అన్నంత వరకు రచయితది. 'అంతలో కింద గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది' అన్న దగ్గర్నుంచి నాది. ఫోను ముఖం ముందు అలాగే పట్టుకుని, కళ్లు అక్షరాల వెంట పరుగెడుతున్నట్టు అటూ ఇటూ తిప్పుతూ (ఈ నటన నేను గదిలో ముందే అభ్యాసం చేసుకున్నాను) వాళ్లిద్దరినీ గుర్రమెక్కించి కోట దాటించాను. అవ్వ ఊపిరి వదిలింది. పైగది కిటికీ లోంచి ఎవరో దగ్గారు.

తప్పించడం సులువే, ఎక్కడికి తీసుకుపోవాలన్నదే తెలియలేదు. నాకు తెలిసిన ఊళ్లు రెండే. మా ఊరికి తీసుకుపోతే అందరికీ తెలిసిపోతుంది గనుక సూరత్‌కే తెచ్చాను. పూర్వం ఇక్కడ ఓడలు ఆగేవని మా ఆయన ఎప్పుడో చెప్పాడు, అది చాలింది. యువరాణి తాపీ ఒడ్డున ఒక గది తీసుకుంది. అత్తరువాడు ఓడల దగ్గర పనికి కుదిరాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. యువరాణి నీళ్ల దగ్గర వరసలో నిలబడడం నేర్చుకుంది. ఆమెకు ఆ ఊరి భాష రాదు. కూరలమ్మేవాడు ఆమె ఇంటి ముందు ఆగడు. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు నిజంగానే అప్పుడు తెలియదు. నోటికి వచ్చింది చెబుతున్నాననుకునేదాన్ని. మా వాళ్లకు మాత్రం నవల ఒక్కసారిగా రుచించింది. రచయితకు ఇప్పటికి బుద్ధి వచ్చిందని వదిన ఒప్పుకుంది. అత్తరువాడు రోజూ ఇంటికి వస్తున్నాడు గనుక నకామో అన్న మాటను ఆమె కూతురు వెనక్కి తీసుకుంది.

కానీ చారిత్రక నవల అన్నాక అప్పుడప్పుడూ కత్తులు కూడా ఉండాలి కదా. అందుకని యువరాణి తండ్రి పంపిన మంత్రి వాళ్లను వెతుక్కుంటూ వచ్చినట్టు, అత్తరువాడిని పట్టి ఈ ఊరి కోటలోకి ఈడ్చుకెళ్లినట్టు కల్పించాను. ఆ రోజు నాకు మంచి ఊపు వచ్చింది. దర్బారు నిండా జనం, మంత్రి కత్తి దూశాడు, దీపాల వెలుగులో కత్తి మెరిసింది, ఇప్పుడు వాడిని ఎలా తప్పించాలో నాకు తోచలేదు. తోచక, నోరు ఆగక, అదే గొంతుతో అనేశాను.

'అంతలో కోటలో కరెంటు పోయింది.'

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. గడప ముందు చేతులన్నీ ఆగిపోయాయి. వదిన కూతురు పగలబడి నవ్వబోయింది, వదిన ఆ పిల్ల తొడ మీద గట్టిగా గిచ్చింది. అవ్వ తాపీగా ఒక రాయి తీసి, జిగురు అద్ది, చీరకు అంటించి, వేలితో నొక్కింది.

"పోతది. రాజులైతే ఏంది, పోకుంటదా. నువ్వు సదువు."

చీకట్లో అత్తరువాడు తప్పించుకున్నాడు. అతనితో పాటు నేనూ తప్పించుకున్నానని సంబరపడ్డాను. పాపం, ఎంత అమాయకులో, కోటలో కరెంటు ఉండదని కూడా వీళ్లకు తెలియదు అని ఆ సాయంత్రం జాలి కూడా పడ్డాను. (నా తెలివి అలాంటిది.)

వానలు పోయాయి. దీపావళికి మిల్లులు మూసే ముందు మా ఆయనకు సూరత్ దాటాక వచ్చే కిమ్‌లో ఒక దారం ఫ్యాక్టరీలో పని కుదిరింది. అక్కడే గది కూడా ఇస్తారట. రాత్రి పాలీ ఉండదు. ఆయన ఎంతో సంతోషంగా చెప్పాడు. నేను సంతోషంగా ఉన్నట్టే తల ఊపి, లోపలికి వెళ్లి బియ్యం ఏరాను. ఆ బియ్యంలో రాళ్లు లేవు.

చివరి మధ్యాహ్నం మా వాళ్లందరూ వచ్చారు. పైగది అన్న కూడా దుప్పటి కప్పుకుని మెట్ల మీద కూర్చున్నాడు. యువరాణికి, ఆమె తండ్రికి రాజీ కుదిర్చి, పెళ్లి చేసి, శుభం అనేద్దామని నేను సిద్ధపడ్డాను. ఫోను ఎత్తి, గొంతు సవరించుకుని, చివరి భాగం అన్నాను. అవ్వ చెయ్యి చాచి ఫోనును మెల్లగా కిందికి దించింది.

"ఒడగొట్టకు బిడ్డా. అట్లనే ఉండనియ్యి."

ముగింపు నవలలోనే రాసి ఉంది, నేనేం చేసేది అన్నాను. అవ్వ నవ్వింది. పళ్లు లేని ఆ నవ్వు చూడగానే నాకు సంగతి సగం అర్థమైంది.

"సదివేటప్పుడు నీ మొఖం మీద ఫోను ఎలుగు పడుతుండె. గా గోడ మీద నిలవడ్డ నాడు ఎలుగు పోయింది. కథ మాత్రం పోలే."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో ఫోను దానంతట అది ఆరిపోతుందన్న సంగతి, ఆరిపోయిన ఫోను ముందు నేను కళ్లు అటూ ఇటూ తిప్పుతున్న సంగతి వాళ్లందరూ మొదటి రోజే చూశారు. నేను కళ్లు తిప్పే తీరును వదిన కూతురు కాలేజీలో చేసి చూపించేదట. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. వదిన చీర దులుపుతూ మామూలుగా చెప్పింది.

"చెప్తే సిగ్గువడి మల్ల తలుపేసుకుంటవని. నువ్వు తలుపేసుకుంటే మాకు మాత్రం పొద్దువోతదా?"

నేను ఏడ్చాను. కిమ్‌కు వెళ్లే టెంపోలో కూడా ఏడ్చాను. మా ఆయన అది అమ్మగారింటి మీద బెంగ అనుకుని, సంక్రాంతికి తీసుకెళతాలే అని ఓదార్చాడు.

ఆ తర్వాత చాలా జరిగింది. మా ఆయన సూపర్‌వైజరయ్యాడు. ఇప్పుడు మేం తాపీకి అవతల అడాజన్‌లో ఫ్లాటులో ఉంటున్నాం. లిఫ్టు ఉంది, బాల్కనీ ఉంది, కరెంటు పోదు. గుజరాతీ బాగానే వచ్చింది గానీ, అంతస్తులో తలుపులన్నీ మూసే ఉంటాయి, లిఫ్టులో అందరూ ఫోన్లు చూసుకుంటారు. నేను ఆ యాప్‌లోనే చారిత్రక ప్రేమకథలు రాస్తున్నాను. పాఠకులు నక్షత్రాలు వేస్తారు, సూపర్ మేడమ్ అంటారు, కన్నీళ్లు ఆగలేదంటారు. వాళ్లందరికీ నా నమస్కారాలు. కానీ ఇంతవరకు ఒక్కరూ నా యువరాణి పొద్దున లేచి ఏం పని చేస్తుందని అడగలేదు.

మొన్న వదిన కూతురి పెళ్లికి నవాగామ్ వెళ్లాను. అవ్వ మా పాత గది గడప మీదే కూర్చుని ఉంది. ఇప్పుడు చెవులు దాదాపు వినిపించవు, చూపు కూడా మసకబారింది గనుక పెదవులు చదవడం కుదరదు. నా చెయ్యి తడిమి గుర్తుపట్టింది. బాగున్నావా అని అడుగుతుందనుకున్నాను.

"రాజు బిడ్డ ఎట్లున్నది?" అంది.

నేను నవ్వి, ఆమె చెవి దగ్గరికి వంగి, బాగుందవ్వా, అడాజన్‌లో ఫ్లాటు కొనుక్కుందని చెప్పాను. అవ్వ తల ఊపింది. మళ్లీ అడిగింది.

"మరి ఆడ ఎవలన్న మాట్లాడుతరా?"

ఎన్ని భాగాలు అప్పటికప్పుడు అల్లినదాన్ని, ఈసారి మాత్రం ఉన్నదే చెప్పాను. లేదవ్వా అన్నాను. ఆమెకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, జర గట్టిగ చెప్పమంది. ఇంకొంచెం గట్టిగా అన్నాను. అదీ వినపడలేదు. చివరికి ఆ రోజుల్లో ప్రాణేశ్వరీ అని అరిచిన గొంతుతోనే, పెళ్లిపందిరి దాకా, పాలబూత్ దాకా వినపడేలా చెప్పాను, లేదవ్వా, ఎవరూ మాట్లాడరు అని. పట్టుచీరతో, ఇంత ఒళ్లుతో ఒక ఆడమనిషి అలా గల్లీలో నిలబడి అరుస్తుంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. పైగది కిటికీ కూడా తెరుచుకుంది. తల నెరిసిన ఆ అన్న నిద్ర కళ్లతో తొంగిచూసి, చెల్లె, మళ్ల షురూ చేసినవా, ఆగు, నేను కిందికొస్తున్న అన్నాడు. అవ్వ గడప మీద జరిగి నాకు చోటిచ్చింది.